కావెండిష్ ఎవరి ఇంటిపేరు? ఇంగ్లీషు దొరల ఇంటిపేరు మూలం ఎలా వెతకాలంటే

పటమట రైతుబజారులో పచ్చ అరటిపండ్లు డజను బేరం చేస్తుంటే మా మేనల్లుడు, ఇంటర్ చదువుతున్నాడు, సడన్‌గా అడిగాడు: "మామయ్యా, ఇవి కావెండిష్ రకమంట కదా, మా ఫిజిక్స్ పుస్తకంలో కావెండిష్ ఈయనేనా?" ఈయన కాదు గానీ ఆ ఇంటివాళ్ళే. వాడికి చెప్పడానికి కూర్చుంటే రెండు రాత్రులు పట్టింది, మీకు అంత పట్టకూడదని రాస్తున్నా.

మొట్టమొదట బిరుదు వేరు, ఇంటిపేరు వేరు అని గుర్తుపెట్టుకోండి. అందరూ ఇక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డాను. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారిని అమరావతి రాజా అన్నంత మాత్రాన ఆయన ఇంటిపేరు అమరావతి అయిపోదు కదా. అలాగే డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ అనేది బిరుదు, ఆయన ఇంటిపేరు కావెండిష్. పైగా వాళ్ళ కోట లాంటి ఇల్లు, చాట్స్‌వర్త్, డెవన్‌షైర్‌లో లేదు, డెర్బీషైర్‌లో ఉంది. బిరుదు పట్టుకుని డెవన్‌షైర్ మ్యాపులో వెతికితే టైమ్ వేస్టు.

తర్వాత ఆ పేరుతో ఊరేదైనా ఉందా చూడండి. మన తెనాలి, చేబ్రోలు ఇంటిపేర్లయినట్టే అక్కడా చాలా పేర్లు ఊళ్ళ నుంచే వచ్చాయి. కావెండిష్ అనే ఊరు సఫోక్‌లో ఇప్పటికీ ఉంది. ఊరి పేరుని విరగ్గొట్టడానికి నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళ ఊరిపేర్ల నిఘంటువు ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది. మన ఊళ్ళ చివర పూడి, పాడు, పాలెం ఉన్నట్టు ఇక్కడ చివర ఉన్నది పాత ఇంగ్లీషులో 'ఎడిష్', అంటే కంచె వేసిన మేతభూమి. ముందున్నది కాఫ్నా లాంటి మనిషి పేరు. అంటే ఇంత గొప్ప డ్యూకుల ఇంటిపేరుకి అర్థం ఫలానావాడి పశువుల బీడు, అంతే!

వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగే పట్టుకుని కూర్చోవద్దు. బెజవాడ అని వెతక్కపోతే మన ఊరి పాత కాగితాలు సగం దొరకవు. వీళ్ళ పేరు కూడా ఒకప్పుడు 'కాండిష్' అని పలికేవాళ్ళు, అలాగే రాసేవాళ్ళు కూడా. 1586-88లో ఓడమీద ప్రపంచం చుట్టొచ్చిన థామస్ కావెండిష్ పాత పుస్తకాల్లో చాలాచోట్ల కాండిషే.

ఇక వంశవృక్షం. దీన్ని కింద నుంచి పైకి ఎక్కండి, పైనుంచి దిగొద్దు, ఎందుకంటే పాత పీరేజి పుస్తకాల్లో, అంటే బిరుదున్న దొరల వంశాల పుస్తకాల్లో, మొదటి నాలుగైదు తరాలు చాలాసార్లు భట్రాజు పొగడ్త లాంటివే. కావెండిష్‌ల గురించీ అలాంటి కథ ఉంది: మూలపురుషుడు గెర్నాన్ అనే నార్మన్ కుటుంబం వాడు, ఆ ఊరి దొర కూతుర్ని చేసుకున్నాక పిల్లలు ఊరి పేరు పెట్టుకున్నారు అని. వినడానికి బాగుంది, తర్వాతి చరిత్రకారులు మాత్రం నమ్మలేదు. గట్టిగా కనబడే మనిషి సర్ జాన్ కావెండిష్, ప్రధాన న్యాయమూర్తి, 1381 రైతుల తిరుగుబాటులో చంపేశారు. అసలు సిరి వచ్చింది మాత్రం సర్ విలియం కావెండిష్‌తో. ఎనిమిదో హెన్రీ మఠాల ఆస్తులు లాక్కున్నప్పుడు ఆ పనిలో ఉన్న అధికారి ఈయన. 1547లో బెస్ ఆఫ్ హార్డ్‌విక్‌ని చేసుకున్నాడు, ఆవిడ పుట్టిల్లు డెర్బీషైర్, 1549లో చాట్స్‌వర్త్ కొనిపించింది. చూశారా, సఫోక్ పేరు డెర్బీషైర్‌కి ఎలా చేరిందో. వాళ్ళబ్బాయి 1618లో ఎర్ల్ (డ్యూక్ కంటే కింది బిరుదు) అయ్యాడు, 1694కి డ్యూకులు.

అందుకే భార్యల వైపు చూడకుండా ముగించొద్దు. అక్కడ అల్లుళ్ళు మామగారి ఇంటిపేరు తగిలించుకోవడం మామూలే, మన దగ్గర దత్తతకెళ్తే ఇంటిపేరు మారినట్టు. సతి రద్దు చేసిన విలియం బెంటింక్ పూర్తి ఇంటిపేరు కావెండిష్-బెంటింక్, వాళ్ళమ్మ నాలుగో డ్యూక్ కూతురు. ఆయనే 1803 నుంచి 1807 దాకా మద్రాసు గవర్నరు, అంటే మన గుంటూరు కూడా ఆయన కిందే.

చివరి జాగ్రత్త, ఒకే ఇంటిపేరున్న వాళ్ళంతా చుట్టాలు కారు. ఊరు వదిలి వెళ్ళిన ఎవరికైనా ఆ ఊరి పేరు అంటుకుంటుంది. కాబట్టి వీలునామాలు చూడండి, 1858 ముందువి చాలా లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, కేటలాగు ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు.

మావాడి ప్రశ్నకి జవాబు: 1798లో భూమి సాంద్రత లెక్క తేల్చిన హెన్రీ కావెండిష్ రెండో డ్యూక్ మనవడు. అరటిపండుకి పేరిచ్చింది ఆరో డ్యూక్, 1830ల్లో ఆయన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ చాట్స్‌వర్త్ గాజు గదిలో ఆ మొక్క పెంచి యజమాని పేరు పెట్టాడు. మనం జి-నైన్ అనేది కూడా ఆ రకమే. డజను మాత్రం బేరం ఆడినా తగ్గలేదు.