సిఫారసు లేకుండా ఇంటర్న్‌షిప్ ఎలా సంపాదించాలి?

పోర్టల్‌లో అప్లికేషన్ మీద అప్లికేషన్ పెట్టినా ఒక్క జవాబూ రాక, "మన కాలేజీ పేరు ఎవరు విన్నారు, మనకెవరు తెలుసు" అని డీలాపడిన విద్యార్థులు చాలామంది ఉన్నారు. లోపం మీ చదువులోనే ఉందనుకోకండి. ఒక్క ఇంటర్న్ పోస్టుకు కుప్పలుగా రెజ్యూమెలు వచ్చిపడితే అన్నీ చదివే నాథుడుండడు. మీది బయటికి తీసి చూసే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మేనమామో, ఎమ్మెల్యేనో కానక్కర్లేదు.

మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన పరిశోధన దీన్నే తేల్చింది. బోస్టన్ పక్కన న్యూటన్‌లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన ప్రశ్నించాడు. కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం. రోజూ కలిసే స్నేహితులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది కదా. కొత్త కబురు ముఖపరిచయం ఉన్నవాళ్ల దగ్గరే దొరుకుతుంది.

1. ముందు పేర్లు రాయండి

రెండేళ్ల క్రితం పాసైన సీనియర్లు, ఇంటర్ క్లాస్‌మేట్ల అన్నలు, అక్కలు, ట్యూషన్ చెప్పిన సార్, నాన్నతో పనిచేసేవాళ్ల పిల్లలు, అందరినీ రాయండి. లింక్డిన్‌లో మీ కాలేజీ పేజీ తెరిచి పూర్వ విద్యార్థుల విభాగం చూస్తే ఎవరు ఏ ఊళ్లో, ఏ కంపెనీలో ఉన్నారో కనిపిస్తుంది. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేని విద్యార్థికి ఇదే పెద్ద ఆసరా.

2. చూపించడానికి ఒక పని ఉంచుకోండి

చిన్నదైనా సరే, మీ చేత్తో చేసింది.

3. ఉద్యోగం అడగకండి, సమాచారం అడగండి

ఎక్కువమంది బోల్తా కొట్టేది ఇక్కడే. "హాయ్ సర్, ఏమైనా ఇంటర్న్‌షిప్ ఉంటే చెప్పండి" అని రెజ్యూమె అంటించి పంపితే అవతలివాళ్లకు ఏం చేయాలో తోచదు. ఇలా రాసి చూడండి:

"అక్కా, నమస్తే. నేను మన కాలేజీలోనే ఈసీఈ మూడో సంవత్సరం. మీరు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నారని లింక్డిన్‌లో చూశాను. మా హాస్టల్ మెస్ లెక్కల కోసం చిన్న వెబ్ యాప్ చేసి, దానికి సెలీనియం అనే టెస్టింగ్ టూల్‌తో టెస్టులు రాశాను. లింకు కింద ఉంది. ఫ్రెషర్లలో మీ టీమ్ వాళ్లు ముందుగా ఏం చూస్తారో తెలుసుకోవాలనుంది. ఆదివారం పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడవచ్చా?"

ఇందులో మీరెవరో ఉంది, ఆమెకే ఎందుకు రాశారో ఉంది, మీ పని ఉంది. అడిగింది పది నిమిషాలే. మాట్లాడాక చివర్లో "ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?" అని తప్పకుండా అడగండి. పరిచయాలు పెరిగేది ఈ ప్రశ్నతోనే. జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి. పనుల్లో పడి మరిచిపోయి ఉండొచ్చు, మనసు కష్టపెట్టుకోవద్దు.

4. కాలు కదపండి

హైదరాబాద్‌లో ఉంటే రాయదుర్గంలోని స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్‌లో జరిగే కార్యక్రమాలకు, పైథాన్ ప్రోగ్రామింగ్ చేసేవాళ్ల యూజర్ గ్రూప్ మీటప్‌లకు వెళ్లండి. సాఫ్ట్‌వేర్ కానివాళ్లకు దారి ఇంకా దగ్గర. మెకానికల్ వాళ్లు బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్‌లలోని చిన్న యూనిట్లకు వెళ్లి యజమానినే నేరుగా అడగొచ్చు. బీకామ్ వాళ్లు ఆడిటర్ ఆఫీసులో అడగడానికి మే, జూన్ మంచి అదను. ఆదాయపు పన్ను రిటర్నుల రద్దీ మొదలయ్యేసరికి వాళ్లకూ మనుషులు కావాలి.

5. చెప్పినవాళ్లకు కబురు పెట్టండి

ఆ అక్క చదవమన్నది చదివారా? ఏం నేర్చుకున్నారో నెల తర్వాత రెండు ముక్కలు రాయండి. వాళ్ల టీమ్‌లో ఖాళీ వస్తే గుర్తొచ్చేది మీ పేరే.

6. డబ్బు కట్టమంటే ఆగండి

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ, బీటెక్ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ సిలబస్‌లోనే భాగం. ఆ అవసరాన్ని కనిపెట్టి సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు తయారయ్యారు. గడువు దగ్గరపడిన కంగారులో డబ్బు కట్టేస్తే కాగితం చేతికొస్తుంది, పని రాదు. ఇంటర్వ్యూలో "అక్కడ ఏం చేశావు?" అంటే చెప్పడానికేమీ ఉండదు. అనుమానం వస్తే అక్కడ చేసిన ఇద్దరు పాత ఇంటర్న్‌లను వెతికి అడగండి. మోసమని తేలితే క్లాస్ గ్రూపులోనూ, జూనియర్ల గ్రూపులోనూ ఆ సంగతి పెట్టండి.