విశ్వవిద్యాలయం పేరును దాని వాస్తవంతో సరిచూసుకోవడం ఎలా

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో డిగ్రీ ముగించిన విద్యార్థి పీజీ ఎక్కడ చదవాలని ఆలోచించడం మొదలుపెట్టగానే, ఇరవై ముప్పై ఏళ్ల కిందట అక్కడ చదివిన బంధువు మాట ఒకటి, ఇటీవల పత్రికలో వచ్చిన వార్త ఒకటి చెవిన పడతాయి. మొదటిది పేరును పెంచుతుంది, రెండోది తుంచుతుంది. మీరు కూర్చోబోయే తరగతి గది సంగతి మాత్రం రెండింటిలోనూ ఉండదు. మా చిన్నాయన పొగిడిన అధ్యాపకులను తలచుకొని నేను ఒక విభాగంలో చేరాను. నేను చేరే నాటికి వారిలో ముగ్గురు పదవీ విరమణ చేసి ఉన్నారు, ఆ ఖాళీలు నా చదువు ముగిసేవరకు భర్తీ కాలేదు. అందుకే ఈ విషయం ఇంత పట్టుదలతో రాస్తున్నాను.

ముందుగా అడిగే ప్రశ్నను సరిచేసుకోవాలి. విశ్వవిద్యాలయం మంచిదా అని కాకుండా, నేను చేరదలచిన విభాగం ఈ సంవత్సరం ఎలా ఉంది అని అడగాలి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రంగా 1968లో మొదలైన అనంతపురం ప్రాంగణం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. కడపలోని పీజీ కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయంగా, కర్నూలులోనిది 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయంగా మారాయి. పీజీ కేంద్రం రోజుల నుంచి ఉన్న విభాగానికీ, తరువాత తెరిచిన విభాగానికీ గ్రంథాలయంలో, ప్రయోగశాలలో, పూర్వ విద్యార్థుల సంఖ్యలో తేడా ఉండడం సహజం. అయితే పాత విభాగమైతే చాలునని అనుకోకూడదు. తొలినాళ్లలో కలిసి చేరిన అధ్యాపకులు కొద్ది సంవత్సరాల తేడాతో రిటైరైపోతే, పేరు మిగిలి మనుషులు ఉండరు.

ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ న్యాక్ ఇచ్చే గ్రేడును చూసేటప్పుడు అక్షరంతో ఆగిపోకండి. ఆ గ్రేడు మొత్తం సంస్థకు ఇచ్చినది, సాధారణంగా ఐదేళ్లు చెల్లుతుంది; కాబట్టి ఏ సంవత్సరంలో వచ్చిందో చూసి, సంస్థ సమర్పించిన స్వయం అధ్యయన నివేదికలో మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని అనే పట్టికకు వెళ్లండి. కేంద్ర విద్యాశాఖ విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు విషయంలోనూ అంతే. 2016 నుంచి వెలువడుతున్న ఆ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాల విభాగానికి బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం, విద్యార్థుల ఫలితాలకు 20 శాతం, అందరికీ అవకాశం కల్పించడానికి 10 శాతం భారం ఉంటే, ఇతరులలో ఉన్న అభిప్రాయానికి మిగిలిన 10 శాతం ఉంది. ర్యాంకు కంటే సంస్థ అందజేసిన దత్తాంశమే మీకు ఎక్కువ ఉపయోగం: ఎంతమంది నిర్ణీత గడువులో ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ జీతం ఎంత అన్నవి అందులో ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది అధ్యాపకుల లెక్క. విభాగంలో రెగ్యులర్ అధ్యాపకులెందరు, తాత్కాలికంగా నియమించిన అకడమిక్ కన్సల్టెంట్లు ఎందరు, రానున్న రెండేళ్లలో రిటైరయ్యేవారు ఎందరు అని విడివిడిగా తెలుసుకోండి. కన్సల్టెంట్లు సరిగా చెప్పరని దీని అర్థం కాదు. తక్కువ జీతానికి, రేపటి భరోసా లేకుండా, విభాగాన్ని భుజాన మోస్తున్నవారు వారిలో చాలామంది ఉన్నారు, వారికి మనం రుణపడి ఉన్నాం. కానీ విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి పర్యవేక్షకులుగా ఉండవలసింది పూర్తికాలపు రెగ్యులర్ అధ్యాపకులే. ఒక ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి తీసుకోకూడదు. కాబట్టి పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారికి ఖాళీ పోస్టు అంటే మూసి ఉన్న తలుపే. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో ఆ విభాగం పేరుతో వెతికి, గత ఐదేళ్లలో వచ్చిన సిద్ధాంత గ్రంథాలలో ఒకటి తెరిచి కొన్ని పుటలైనా చదవండి. విభాగపు స్థాయి ఇంత నేరుగా మరెక్కడా కనిపించదు.

తరువాత స్వయంగా వెళ్లండి. అడ్మిషన్ల సమయంలో కాకుండా, సెమిస్టర్ మధ్యలో ఒక మామూలు పనిదినాన ఉదయం పదకొండుకు వెళ్తే తరగతులు జరుగుతున్నాయో లేదో మీ కళ్లకే తెలుస్తుంది. ప్రయోగశాలలో పరికరాలు వాడుకలో ఉన్నాయా, కప్పి ఉంచారా చూడండి. రెండో సంవత్సరం విద్యార్థులను హాస్టల్ మెస్సు దగ్గర కలిసి, గత పరీక్షల ఫలితాలు ఎన్నాళ్లకు వచ్చాయి, సీనియర్లలో నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష), జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) సాధించినవారు ఎందరు అని అడగండి. ఫలితాల ఆలస్యం చిన్న విషయం కాదు. మార్కుల జాబితా చేతికి రాక ఉద్యోగ దరఖాస్తు గడువు దాటిపోతే నష్టపోయేది విద్యార్థే. పేరు పెద్దగా లేని విభాగంలో ఇద్దరు ముగ్గురు నిబద్ధులైన అధ్యాపకులు ప్రతి ఏటా విద్యార్థులను నెట్‌కు తయారుచేస్తున్నారని తెలిస్తే, దానిని ధైర్యంగా ఎంచుకోవచ్చు.

ఖాళీల వివరాలు వెబ్‌సైట్‌లో దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో విశ్వవిద్యాలయ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందుకే ఈ పని డిగ్రీ చివరి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టడం మంచిది. ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ తరువాత వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు, ఒక విశ్వవిద్యాలయం పేరు కింద కోర్సులన్నీ వరుసగా పెట్టుకుంటూ పోకుండా, మీరు సేకరించిన వివరాలను బట్టి మూడు జిల్లాల విభాగాలను కలిపి క్రమం నిర్ణయించుకోండి.