సబ్‌స్క్రిప్షన్ లెక్కలు – 3వ పాఠం: గడువుకు ముందే రెన్యూ చేస్తే మిగిలిన రోజులు ఏమవుతాయి?

పోయిన పాఠంలో మీ సాఫ్ట్‌వేర్ అకౌంట్ పేజీ తెరిచి గడువు తేదీ రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఏ ఈమెయిల్‌తో కొన్నారో అది కూడా దాని మీద ఉండాలి. లేకపోతే ముందు అది కనుక్కుని రండి.

తేలికైన సంగతి మొదట చెప్పుకుందాం. అదే అకౌంట్‌లో అదే ప్లాన్‌ను ముందుగా రెన్యూ చేస్తే, చాలా కంపెనీలు కొత్త ఏడాదిని పాత గడువు చివర కలుపుతాయి. ఇంట్లో వాడే మైక్రోసాఫ్ట్ 365 ప్లాన్లలో ఇలాగే జరుగుతుంది. కొత్త కీ, అంటే సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు ఇచ్చే కోడ్, ఎంటర్ చేస్తే గడువు ముందుకు జరుగుతుంది, కాకపోతే మొత్తం 5 ఏళ్లు దాటనివ్వరు. కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగి టెన్షన్ పడక్కర్లేదు.

రోజులు నిజంగా పోయేది వేరే ఈమెయిల్‌తో కొత్త కీ యాక్టివేట్ చేసినప్పుడు. కంపెనీ లెక్కలో అప్పుడు మీరు ఇద్దరు కస్టమర్లు. రెండు లైసెన్సులూ ఒకేసారి నడుస్తుంటాయి, పాతదాంట్లోని రోజులు ఊరికే అయిపోతాయి. కర్నూలు, కడపల్లోని చిన్న ఆఫీసుల్లో సిస్టమ్ చూడ్డానికి వచ్చిన కుర్రాడు తన మెయిల్ పెట్టేసి పోతాడు, వచ్చే ఏడు ఇంకొకతను ఇంకో మెయిల్ పెడతాడు. ఇది వెంటనే మానాలి. మెయిల్ ఓనర్‌దే ఉండాలి, పాస్‌వర్డ్ ఓనర్ దగ్గరే ఉండాలి.

ఇక అసలు పాఠం, ప్లాన్ మార్చడం. కడప ఏడు రోడ్ల దగ్గర ఒక ఫ్లెక్సీ షాపు ఉందనుకోండి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికి 3,650 రూపాయలు కట్టారు, అంటే రోజుకు 10. ఇంకా 73 రోజులు ఉండగా 7,300 రూపాయల ప్లాన్‌కు మారాలనుకున్నారు, అది రోజుకు 20. జీఎస్టీ 18 శాతం విడిగా పడుతుంది, ఇప్పటికి పక్కన పెడదాం.

మిగిలిన 73 రోజుల విలువ 730 రూపాయలు. కొన్ని కంపెనీలు ఆ 730 తగ్గించి 6,570 కట్టమంటాయి. కొన్ని ఆ డబ్బును కొత్త ప్లాన్ రోజులుగా మారుస్తాయి: 730ని 20తో భాగిస్తే 36 రోజులన్నర. "73 రోజులుంటే సగమే ఇచ్చారే!" అని చాలామంది గొడవ పడేది ఇక్కడే. పోయిందేమీ లేదు, ఖరీదైన రోజులు తక్కువ వచ్చాయి, అంతే. ప్లాన్ మారేటప్పుడు రోజులు లెక్కపెట్టకండి, రూపాయలు లెక్కపెట్టండి.

చిన్న ప్లాన్‌కు దిగడం వేరు. ఆపిల్ యాప్ స్టోర్‌లో పెద్ద ప్లాన్‌కు మారితే వెంటనే అమలవుతుంది, పాతదాంట్లో మిగిలిన భాగానికి డబ్బు వెనక్కి వస్తుంది. చిన్నదానికి మారితే మాత్రం తర్వాతి రెన్యువల్ తేదీ దాకా పాతదే నడుస్తుంది. దిగాలనుకునేవాళ్లు తొందరపడి రద్దు చేసి మళ్లీ కొనక్కర్లేదు.

ఆటోపే ఉంటే ఒక జాగ్రత్త. షాపులో కీ కొనేముందు ఆటోపే ఆపారో లేదో చూడండి, లేకపోతే రెండుసార్లు కట్టినట్టవుతుంది. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం కార్డు నుంచి డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందే మెసేజ్ రావాలి. దాన్ని ప్రకటన అనుకుని తీసేయకండి. వద్దనుకుంటే అందులోనే ఆపుకోవచ్చు.

అభ్యాసం: పాత ప్లాన్ ఏడాదికి 4,380, ఇంకా 100 రోజులున్నాయి. కొత్త ప్లాన్ 5,840. డబ్బు రూపంలో ఎంత తగ్గాలి? రోజుల రూపంలో అయితే ఎన్ని రావాలి? కాగితం మీదే చేయండి. జవాబులు 4వ పాఠం మొదట్లో ఇస్తాను, ఆ తర్వాత మధ్యలో రద్దు చేస్తే వచ్చే రీఫండ్ లెక్క చూద్దాం.