కొత్త దేశంలో తోటివారి తోడు: తొలి ఏడాదికి కొన్ని సూచనలు

కొత్త దేశంలో దిగిన తొలి వారాల్లో అవసరమయ్యే కాగితాల జాబితాలు, బ్యాంకు ఖాతా తెరిచే పద్ధతులు, ఇల్లు వెతికే మార్గాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ పనులన్నీ ముగిసి, తలుపు వేసుకుని ఇంట్లో కూర్చున్నాక మొదలయ్యే ఇబ్బందుల గురించి చెప్పేవారు తక్కువ. ఆలుమగల మధ్య పనుల పంపకం ఉన్నట్టుండి మారిపోవడం, పిల్లలు బడి నుంచి ముభావంగా తిరిగి రావడం, నిన్నటి దాకా నలుగురిలో గుర్తింపు ఉన్న మనిషి ఇక్కడ ఎవరికీ ఏమీ కాకపోవడం వంటివి ఏ కార్యాలయంలోనూ దరఖాస్తు పెట్టి తీర్చుకోగల సమస్యలు కావు. ఇలాంటి వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చేది, మనకంటే కొద్దికాలం ముందు ఇదే దారిలో వచ్చిన మరొకరి తోడు అని నా గట్టి నమ్మకం. ఆ తోడును ఎలా వెతుక్కోవాలో, ఎంతవరకు దానిమీద ఆధారపడవచ్చో ఇక్కడ వివరిస్తాను.

కొత్తచోట కలిగే దిగులును పరిశోధకులు చాలాకాలంగా గమనిస్తున్నారు. మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబర్గ్ 1954లో రియో డి జనీరోలో చేసిన ప్రసంగంలో కల్చర్ షాక్ గురించి చెబుతూ, తొలి ఉత్సాహం, ఆ తరువాతి విసుగు, మెల్లగా కోలుకోవడం, చివరికి అలవాటు పడడం అనే దశలను వర్ణించాడు. మరుసటి ఏడాది నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్, ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ ఉపకారవేతనంతో ఆ దేశం వెళ్లివచ్చిన నార్వే దేశస్థుల అనుభవాలను పరిశీలించి, అక్కడ ఆరు నెలల నుంచి పద్దెనిమిది నెలల వరకు ఉన్నవారు, అంతకు తక్కువ కాలం గానీ ఎక్కువ కాలం గానీ ఉన్నవారికన్నా ఎక్కువ ఇబ్బంది పడ్డారని రాశాడు. అయితే 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త కొలీన్ వార్డ్, ఆమె సహచరులు న్యూజీలాండ్‌కు వచ్చిన జపాన్ విద్యార్థులను ఏడాది పాటు గమనించినప్పుడు, తొలి రోజుల్లోనే ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. అంటే ఈ దిగులు అందరికీ ఒకే నెలలో రాదు, ఒకే నెలలో పోదు. అందువల్ల ముందు వచ్చినవారు కలిసినప్పుడు, మీకు బాగా కష్టంగా అనిపించింది ఎప్పుడు, అప్పుడు మీరేం చేశారు అని అడగండి. వారి జవాబులో మీకు సరిపోయేది ఎంతో కొంత ఉంటుంది. సరిపోనిది ఉన్నా, కష్టపడుతున్నది మీరొక్కరే కాదని తెలుస్తుంది.

ఎవరిని అడగాలన్నది తరువాతి విషయం. ఇరవై ఏళ్ల క్రితం వచ్చి స్థిరపడినవారు సహజంగానే పెద్దరికంతో ఆదరిస్తారు, కానీ తొలి ఏడాది ఎలా గడిచిందో వారికి చాలావరకు జ్ఞాపకం ఉండదు, పైగా వారు వచ్చిననాటి నియమాలు ఇప్పుడు ఉండకపోవచ్చు. ఒకటి రెండేళ్ల ముందు వచ్చినవారికి గాయాలు ఇంకా గుర్తుంటాయి, మార్గాలు కూడా తెలిసివుంటాయి. ఊరు, భాష కలిశాయా లేదా అన్నదానికన్నా జీవిత పరిస్థితి కలిసిందా లేదా అన్నది ముఖ్యమని నా అభిప్రాయం: పసిబిడ్డతో ఒంటరిగా ఇంట్లో ఉండే తల్లికి అదే స్థితిలో ఉన్న మరో తల్లి, ఉద్యోగం వెతుకుతున్నవారికి ఈమధ్యే ఉద్యోగం దొరికినవారు ఎక్కువ ఉపయోగపడతారు. అదే సమయంలో సన్నిహితులతోనే సరిపెట్టుకోకూడదు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనొవెట్టర్ 1973లో చూపినట్టు, ఉద్యోగాల వంటి కొత్త సమాచారం తరచుగా దగ్గరివారి ద్వారా కాకుండా, అప్పుడప్పుడు మాత్రమే పలకరించే పరిచయస్థుల ద్వారా అందుతుంది, ఎందుకంటే దగ్గరివారికి తెలిసినది మనకూ ముందే తెలిసివుంటుంది. పక్కింటివారు, బడి గేటు దగ్గర కనిపించే ఇతర తల్లిదండ్రులు, గ్రంథాలయంలో భాష నేర్పే బృందం మీకు అటువంటి పరిచయాలే.

స్నేహం తొందరగా కుదరలేదని నొచ్చుకునేవారికి ఒక మాట చెప్పాలి. కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన పరిశోధనలో, ఇటీవలే కొత్త చోటికి మారినవారిని అడిగి చూస్తే, పరిచయం సాధారణ స్నేహంగా మారేందుకు సుమారు 50 గంటలు, నిజమైన స్నేహంగా మారేందుకు సుమారు 90 గంటలు, ఆత్మీయ స్నేహంగా మారేందుకు 200 గంటలకు పైగా కలిసి గడపవలసి వచ్చిందని తేలింది. వారానికి ఒక గంట కలుసుకునేవారికి 50 గంటలంటే దాదాపు ఏడాది. కనుక ఆరు నెలలైనా స్నేహితులు లేరంటే అది మీ స్వభావలోపం కాదు, గంటలు ఇంకా నిండలేదంతే. ఆ గంటలు కూడడానికి ఎప్పుడో ఒకసారి జరిగే పెద్ద కూడికలకన్నా, వారంలో ఒకే రోజు, ఒకే వేళకు, ఏదో ఒక పని పెట్టుకుని ఇద్దరు ముగ్గురు కలవడం మేలు. నడకకు వెళ్లడమైనా, పిల్లలను ఆడించడమైనా, దరఖాస్తులు కలిసి నింపుకోవడమైనా సరే. మాటలు వాటంతట అవే వస్తాయి.

సాయం అడగడంలో మొహమాటం చాలామందిని వెనక్కి లాగుతుంది. ఏదైనా సాయం చేయగలరా అని అడిగితే అవతలివారికి ఏం చేయాలో తెలియదు. శనివారం ఉదయం ఒక గంట వచ్చి ఈ అద్దె ఒప్పందం నాతో కలిసి చదువుతారా అని అడిగితే, వీలైతే వస్తారు, లేకపోతే వీలుకాదని చెబుతారు, ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. అలాగే అన్ని విషయాలకూ ఒక్కరినే ఆశ్రయించకండి. ఇంటి విషయానికి ఒకరు, బడి విషయానికి మరొకరు, మనసు విప్పి మాట్లాడుకునేందుకు ఇంకొకరు ఉంటే ఎవరికీ భారం కాదు.

వినేవారి వంతు వచ్చినప్పుడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితరులు 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని చెప్పే మూడు పనులు ఎప్పుడూ పనికివస్తాయి: చుట్టూ గమనించడం, ఓపికగా వినడం, తగిన సాయానికి దారి చూపడం. వాటిలో సలహా ఇవ్వడం లేదన్నది గమనించాలి. మీ భర్తకు ఇలా చెప్పండి, మీ అబ్బాయిని ఆ బడిలో వేయండి అని తీర్పులు చెప్పకుండా, నాకు ఇలా జరిగింది, నేను ఇలా చేశాను, దానివల్ల ఇది కలిసివచ్చింది, ఇది కలిసిరాలేదు అని చెబితే ఎదుటివారి నిర్ణయం వారి చేతుల్లోనే ఉంటుంది. నాది ఇంతకన్నా పెద్ద కష్టం అని పోల్చడం, వచ్చినవారందరికీ ఇది మామూలే అని తేల్చేయడం రెండూ మాటను అక్కడికక్కడే ఆపేస్తాయి.

ఇంట్లో అన్నిటికన్నా బరువైన మార్పు, ఇద్దరిలో ఒకరు ఉద్యోగం కోసం రాగా మరొకరు డిపెండెంట్ వీసామీద వెంట వచ్చిన కుటుంబాల్లో కనిపిస్తుంది. కొన్ని దేశాల్లో అలాంటి వీసామీద పని చేయడానికి అనుమతి ఉండదు లేదా విడిగా తెచ్చుకోవాలి. చదువు, ఉద్యోగం, సొంత సంపాదన ఉన్న మనిషి ఒక్కసారిగా ప్రతి ఖర్చుకూ ఎదుటివారిని అడగవలసి వస్తుంది, ఫోను కనెక్షను మొదలుకొని ఇంటి ఒప్పందం వరకు అన్నీ మరొకరి పేరుమీదే ఉంటాయి. ఉద్యోగానికి వెళ్లేవారు అక్కడి ఒత్తిడితో అలసి వస్తారు, ఇంట్లో ఉన్నవారు రోజంతా మాట్లాడే మనిషి కోసం ఎదురుచూసివుంటారు; సాయంత్రం ఆ రెండు అలసటలూ ఒకదానికొకటి తగులుతాయి. ఇది ప్రేమ తగ్గడం వల్ల వచ్చేది కాదని ఇద్దరూ తెలుసుకోవాలి. వీలైనంత త్వరగా ఇద్దరి పేర్లమీదా ఖాతా తెరవడం, ముఖ్యమైన కాగితాలు ఇద్దరికీ అందుబాటులో ఉంచడం, ఇంట్లో ఉన్నవారు ఒంటరిగా ప్రయాణించడం నేర్చుకోవడం, భాష తరగతిలో గానీ స్వచ్ఛంద సేవలో గానీ తమకంటూ ఒక పని చూసుకోవడం అత్యవసరం. అయితే కొన్ని వీసాల కింద జీతం లేని పనికి కూడా షరతులు ఉండవచ్చు కనుక ముందుగా అధికారిక సమాచారం చూసుకోవాలి.

పిల్లలు పెద్దలకన్నా ముందు భాష పట్టుకుంటారు, దానితో బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ తల్లిదండ్రులకు వారే దుబాసీలవుతారు. చిన్న పనులకు ఫరవాలేదు గానీ, వైద్యుడు చెప్పే జబ్బు వివరాలు, అప్పుల విషయాలు పిల్లల నోట పలికించడం వారి వయసుకు మించిన బరువు. ఆసుపత్రిలో దుబాసీ ఉన్నారేమో అడగండి. తమ పేరు ఎవరైనా తప్పుగా పలికితే సరిదిద్దవచ్చా, ఇంటి భాష బయట మాట్లాడితే నవ్వుతారా వంటి సందేహాలను వారు తమకన్నా రెండేళ్లు పెద్దవారైన మరో కొత్త పిల్లవాడితో చెప్పుకున్నంత తేలికగా మనతో చెప్పుకోరు. అటువంటి స్నేహానికి చోటు కల్పించండి.

నేనెవరిని అన్న ప్రశ్న పెద్దవారినీ వదలదు. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ వలస వచ్చినవారి తీరును నాలుగు విధాలుగా చెప్పాడు: పాతదీ కొత్తదీ రెండూ ఉంచుకోవడం, పాతది వదిలి కొత్తదానిలో కలిసిపోవడం, కొత్తదానికి దూరంగా పాతదానిలోనే ఉండిపోవడం, రెండింటికీ దూరం కావడం. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు తీరుల్లో ఉండవచ్చు. విశ్వాసం, పెళ్లి, ప్రేమ, లింగ గుర్తింపు వంటి విషయాల్లో ఇన్నాళ్లూ బయటపెట్టని మాట చెప్పుకునే తొలి అవకాశం కూడా కొందరికి కొత్త దేశంలోనే దొరుకుతుంది. తోటి వలసదారుల సమూహాలు చిన్నవి కనుక ఒకరితో చెప్పినది మూడు రోజుల్లో ఊరంతా తెలియవచ్చు, అక్కడి నుంచి స్వదేశంలోని ఇంటికీ చేరవచ్చు. చెప్పేవారు ఇది ఎవరితో పంచుకోవచ్చో ముందే స్పష్టం చేయాలి. విన్నవారు తమ జీవిత భాగస్వామితో సైతం అనుమతి లేకుండా అనకూడదు. ఈ ఒక్క నియమం పాటించని సమూహానికి నేను ఎవరినీ పంపను.

తోటివారి తోడు సరిపోని సందర్భాలు ఉన్నాయి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం, బంధించడం జరిగితే, ఎవరైనా బతకాలని లేదని అంటే, స్నేహితుల ఓదార్పుతో ఆగకుండా ఆ దేశపు అత్యవసర నంబరుకు గానీ, సహాయ కేంద్రానికి గానీ ఫోన్ చేయాలి. ఐరోపా సమాఖ్య దేశాల్లో ఆ నంబరు 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000. యజమాని పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకోవడం మామూలేనని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు: అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీకి సూచికగా చెప్పేవాటిలో గుర్తింపు కాగితాలు లాక్కోవడం ఒకటి, ఇళ్లలో పనిచేసేవారి గురించి 2011లో చేసిన 189వ ఒడంబడిక ఆ కాగితాలు తమ వద్ద ఉంచుకునే హక్కును చెబుతుంది. అక్కడి పోలీసులో అధికారులో నిర్బంధిస్తే మీ దేశపు కాన్సులేటుకు తెలియజేయమని అడిగే హక్కు, కాన్సులర్ సంబంధాలపై 1963 నాటి వియన్నా ఒడంబడిక ఇచ్చింది. వీసా నియమాల విషయంలో స్నేహితుల అనుభవం ఆధారంగా ఏ నిర్ణయమూ తీసుకోకండి, అధికారిక ప్రకటననో అర్హత గల న్యాయవాదినో సంప్రదించండి.

కొన్నాళ్లకు మీ తరువాత వచ్చినవారు మిమ్మల్ని అడుగుతారు. ఎంత సమయం ఇవ్వగలరో మొదట్లోనే చెప్పండి, అర్ధరాత్రి ఫోన్లు ఎత్తగలరో లేదో కూడా చెప్పండి. మీ బలం తగ్గిన రోజున ఆ మాట దాచకుండా, మరొకరిని పరిచయం చేసి కొంతకాలం తప్పుకోండి.