పదికెంత? క్విజ్ షో చూసే మా పద్ధతి

టీవీలో ప్రశ్న పడగానే జవాబు అరిచేవాళ్ళను మా ఇంట్లో కూర్చోనివ్వను. ఒకరు అరిచారంటే మిగతావాళ్ళ ఆలోచన అక్కడితో సరి. ఆ తరువాత వినిపించేవన్నీ "నేనూ అదే అనుకున్నాను"లే. బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర పనిచేసి రిటైరైనదాన్ని, కాగితం మీద పడని లెక్కను లెక్కగా ఒప్పుకోను. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర మా ఇంట్లో రాత్రిపూట చేరే జనం ఈ నియమానికి మొదట విసుక్కున్నారు. పక్కింటి చరిత్ర మాస్టారు, మా కోడలు, ఇంటర్ చదివే మనవడు, మేడమీద అద్దెకుండే దంపతులు, ఇదీ మా సభ. ఇప్పుడు పెన్సిళ్ళు వాళ్ళే తెచ్చుకుంటున్నారు.

రాయవలసినవి రెండు: జవాబు, దాని పక్కన పదికి ఎంత నమ్మకమో ఆ అంకె. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియక గుడ్డిగా పెట్టినవాడి నమ్మకం పదికి రెండున్నర. ఒకటి కాదని కచ్చితంగా తెలిస్తే మూడు పైచిలుకు. రెండు కొట్టేయగలిగితే ఐదు. అంతకు పైన వేసుకోవాలంటే కారణం చెప్పాలి. ఈ అంకె లేకుండా క్విజ్ గురించి చర్చ పెడితే అది జ్ఞాపకశక్తి పోటీ అవుతుంది, అందులో ఎప్పుడూ మాస్టారే గెలుస్తారు, మిగతావాళ్ళు ఆవులిస్తారు.

ఆటను ఆటగా చూడాలంటే డబ్బు నిచ్చెన తెలిసి ఉండాలి. 2000 జూలైలో స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్‌తో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైనప్పటి నిచ్చెననే తీసుకుందాం. మొత్తం పదిహేను ప్రశ్నలు. ఐదో ప్రశ్న దాటితే 10,000, పదోది దాటితే 3,20,000. ఈ రెండూ ఖాయమైన మెట్లు, ఆ పైన తప్పు చెప్పినా అంతకంటే కిందికి పడరు. ఇక్కడే చూసేవాళ్ళలో చాలామంది పొరబడుతుంటారు. పదకొండో ప్రశ్న 6,40,000కు. తెలియదని 3,20,000 తీసుకుని వెళ్ళిపోయేవాడిని మావాళ్ళు "తెలివైనవాడు" అని మెచ్చుకునేవారు. ఏం తెలివి? తప్పు చెప్పినా వచ్చేది ఆ 3,20,000 రూపాయలే! ఆ ఒక్క ప్రశ్నకు కళ్ళు మూసుకునైనా జవాబు చెప్పాలి.

పన్నెండో ప్రశ్న అలా కాదు. చేతిలో 6,40,000 ఉంది. ఒప్పయితే 12,50,000, తప్పయితే 3,20,000. అంటే పోయేది 3,20,000, కలిసేది 6,10,000. రెంటినీ కూడితే 9,30,000. పోయేదాన్ని ఆ మొత్తంతో భాగిస్తే పదికి మూడున్నర వస్తుంది. నమ్మకం అంతకు మించితే ఆడవచ్చు, లేకపోతే ఆగాలి. అదే సూత్రాన్ని 50 లక్షల దగ్గర నిలబడి కోటి ప్రశ్నకు వేసి చూడండి. పోయేది 46,80,000, కలిసేది 50 లక్షలు. కావలసిన నమ్మకం పదికి ఐదుకు రవ్వంత తక్కువ. ఇప్పటి కార్యక్రమాల్లో మొత్తాలు మారాయి కానీ పోయేది, కలిసేది రాసుకుంటే ఏ నిచ్చెనకైనా ఇదే లెక్క. మాస్టారు దీన్ని ఒప్పుకోరు. "అమ్మా, కూతురి పెళ్ళి పెట్టుకున్నవాడికి పోయే మూడు లక్షలూ వచ్చే ఆరు లక్షలూ ఒకే తూకం కావు" అంటారు. అదీ నిజమే. అందుకే పోటీదారు తన ఇంటి సంగతులు చెబుతున్నప్పుడు వంటింట్లోకి లేచి వెళ్ళకండి, అతను ఎక్కడ ఆగుతాడో ఆ కబుర్లలోనే ఉంటుంది.

ఇక అసలు చర్చ తప్పు ఆప్షన్ల మీద జరగాలి. మచ్చుకు అదే కార్యక్రమంలో 2011లో బిహార్‌లోని మోతిహారికి చెందిన సుశీల్ కుమార్‌కు ఐదు కోట్లు తెచ్చిపెట్టిన ప్రశ్న చూడండి. 1868 అక్టోబరు 16న నికోబార్ దీవుల మీద హక్కులను బ్రిటిష్‌వారికి అమ్మేసి భారతదేశంతో సంబంధం ముగించుకున్న వలస పాలక దేశం ఏది? ఆప్షన్లు బెల్జియం, ఇటలీ, డెన్మార్క్, ఫ్రాన్స్. భయపెట్టే ప్రశ్నే, కానీ తెలుగువాళ్ళం ఒకదాన్ని అక్కడికక్కడే కొట్టేయవచ్చు. మన యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలోనే ఉంది, మరి 1868లో వాళ్ళు సంబంధం ముగించుకోవడమేమిటి? ఇటలీ ఒక రాజ్యంగా ఏర్పడిందే 1861లో. బెల్జియం స్వతంత్రమైంది 1830లో. అంత కొత్త రాజ్యాలకు ఇక్కడ అమ్ముకునేంత పాత హక్కులు ఉండడం అనుమానమే. తమిళనాడు తీరాన తరంగంబాడిలో డేనిష్ కోట ఉందన్న సంగతి చూచాయగా గుర్తున్నా మిగిలేది డెన్మార్కే. నికోబార్ గురించి ఒక్క ముక్క తెలియకుండా పదికి ఎనిమిది దాకా రావచ్చన్నమాట. మా మనవడు ఈ ప్రశ్న విన్న తరువాతే చరిత్ర పుస్తకం తనంతట తాను తెరిచాడు.

కార్యక్రమం లేని రాత్రుల్లో మేమే ప్రశ్నలు తయారు చేస్తాం. తెలుగులో నడిచినవే తక్కువ: 2014లో 'మా టీవీ' ఛానల్‌లో నాగార్జునతో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మొదలైంది, 2017లో ఆ కుర్చీలోకి చిరంజీవి వచ్చారు, 2021లో జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్‌తో 'ఎవరు మీలో కోటీశ్వరులు' వచ్చింది. మిగతా రోజులకు ఊరి సరుకే దిక్కు. ప్రశ్న రాయడం సులువు, తప్పు ఆప్షన్లు రాయడమే విద్య. శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారని ఇక్కడ అందరికీ తెలుసు, అది అడగడం దండగ. ఏ బరువు విభాగంలో అని అడగండి. జవాబు 69 కిలోలు. ఆప్షన్లలో 54 తప్పక పెట్టండి, ఎందుకంటే 1994, 1995 ప్రపంచ టైటిళ్ళు ఆమె గెలిచింది ఆ విభాగంలోనే. సగం తెలిసినవాడు సరిగ్గా అందులో పడతాడు, పూర్తిగా తెలియనివాడు తప్పించుకున్నా తప్పించుకుంటాడు. అలాగే 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్ ఎవరన్న ప్రశ్నకు సి.కె. నాయుడు పేరును ఒక ఆప్షన్‌గా పెడితే చాలు, అసలు జవాబైన విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్, ఊరివాళ్ళు కూడా తడబడతారు.

పాత ఎపిసోడ్లు చూసేటప్పుడు ప్రసారమైన ఏడాది ముందే కాగితం మీద వేసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు ఎన్ని అన్న ప్రశ్నకు 2021లో 13 సరైన జవాబు, 2022 ఏప్రిల్ 4న అవి 26 అయ్యాయి. పార్వతీపురం మా జిల్లాలో లేకుండా పోయింది కూడా ఆ రోజే. ఏడాది చూసుకోకుండా పాత పోటీదారును వెక్కిరించేవాళ్ళతో వాదన అనవసరం. వ్యాఖ్యాత ముఖం చదివి జవాబు పట్టేస్తామనేవాళ్ళతో అసలే అనవసరం. "లాక్ చేయమంటారా?" అన్న మాట ఒప్పుకూ తప్పుకూ ఒకేలా వస్తుంది.

ఎప్పటికైనా ఆ కుర్చీలో కూర్చోవాలనుకునేవాళ్ళు ఫోన్ సహాయాన్ని, అంటే తెలియని ప్రశ్నకు తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి అడగడాన్ని, ఇంట్లోనే సాధన చేయాలి. ఉండేది ముప్పై సెకన్లు. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు చదివేసరికే సగం పోతుంది. మేడమీది ఆవిడ ఫోన్ ఎత్తి "బాగున్నారా?" అంటూ మొదలుపెట్టేది, అక్కడే ఐదు సెకన్లు కరిగేవి. ఇప్పుడు ఆవిడకు చెప్పింది ఒకటే: ముందు ఆప్షన్ పేరు, వెంటనే పదికెంతో చెప్పండి, కారణం సమయం మిగిలితేనే. ఆవిడ "సీ, ఆరు" అందంటే ఫోన్ పెట్టేయవచ్చు. 1999లో అమెరికా కార్యక్రమంలో జాన్ కార్పెంటర్ అనే ఆయన ఆఖరి ప్రశ్న దగ్గర తండ్రికి ఫోన్ చేశాడు, సహాయం అక్కరలేదు, మిలియన్ డాలర్లు గెలవబోతున్నానని చెప్పడానికి! పదికి పది అంటే అదీ. మాస్టారు ప్రతి ప్రశ్నకూ పదే వేసుకుంటారు, అందుకని ఆయన కాగితాలు విడిగా దాచి నెలాఖరున లెక్క చూస్తున్నాను.