ఎన్‌జిన్‌ఎక్స్ 502 చూపిస్తుంటే ముందు లాగ్‌లో నంబరు చూడండి

అప్లికేషన్ 3000 పోర్టులో నడుస్తోంది. ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ ప్రోగ్రామ్) 80, 443 పోర్టులకు వచ్చే రిక్వెస్టుల్ని దానికి అందించాలి. బ్రౌజర్‌లో మాత్రం "502 బ్యాడ్ గేట్‌వే", అంటే వెనకున్న అప్లికేషన్ నుంచి ఎన్‌జిన్‌ఎక్స్‌కు సరైన జవాబు రాలేదు. చాలామంది వెంటనే కాన్ఫిగ్ ఫైలు మార్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్ చివరి లైన్లు తెరవండి. "కనెక్ట్ ఫెయిల్డ్" లేదా "టైమ్డ్ అవుట్" పక్కన ఉండే నంబరే తప్పు ఎక్కడుందో చెబుతుంది.

111 ఉంటే, మీరిచ్చిన అడ్రసులో, ఆ పోర్టులో ఏ ప్రోగ్రామూ వినడం లేదు. సర్వర్‌లోనే కర్ల్‌తో (టెర్మినల్ నుంచి రిక్వెస్టు పంపే కమాండ్) 127.0.0.1:3000 కొట్టి చూడండి; 127.0.0.1 అంటే ఆ మెషీన్ తననే పిలుచుకునే అడ్రసు. జవాబు లేకపోతే అప్లికేషన్ ఆగిపోయి ఉండాలి, లేదా వేరే పోర్టులో లేచి ఉండాలి. సూడోతో (అడ్మిన్ హక్కులతో) "ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ" కొడితే ఏ ప్రాసెస్ ఏ పోర్టు పట్టుకుందో కనిపిస్తుంది. కర్ల్‌కు జవాబొచ్చి ఎన్‌జిన్‌ఎక్స్‌కు రాకపోతే డాకర్‌ని (ప్రోగ్రాముల్ని విడివిడి కంటైనర్లలో నడిపే సాధనం) అనుమానించండి. కంటైనర్‌లో ఉన్న ఎన్‌జిన్‌ఎక్స్‌కు 127.0.0.1 అంటే ఆ కంటైనరే. అక్కడ ప్రాక్సీ_పాస్‌లో (రిక్వెస్టుల్ని ఎక్కడికి పంపాలో చెప్పే కాన్ఫిగ్ లైను) డాకర్ కంపోజ్ ఫైల్లో అప్లికేషన్‌కు ఇచ్చిన సర్వీస్ పేరు రాయాలి, అప్లికేషన్ 0.0.0.0 మీద, అంటే అన్ని అడ్రసుల మీదా వినాలి.

13 అంటే పర్మిషన్ లేదు. రాకీ, ఆల్మా, రెడ్ హ్యాట్ లినక్స్‌లలో కర్ల్ పనిచేస్తున్నా ఇది వస్తుంది, కారణం దాదాపు ఎప్పుడూ ఎస్ఈలినక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో నియంత్రించే లినక్స్ భద్రతా వ్యవస్థ). దాన్ని ఆపేయమనే సలహా వినకండి. "సెట్‌సీబూల్ -పీ హెచ్‌టీటీపీడీ_కెన్_నెట్‌వర్క్_కనెక్ట్ 1" చాలు. పెద్దక్షరం పీ మరిస్తే రీబూట్ తర్వాత సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

110 అంటే సమయం మించిపోయింది, అప్పుడు బ్రౌజర్‌లో 504 కనిపిస్తుంది. కనెక్ట్ అవుతుండగా వచ్చిందంటే మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుపడుతుండొచ్చు. జవాబు చదువుతుండగా వచ్చిందంటే అప్లికేషన్ 60 సెకన్లు దాటినా పలకలేదు. ప్రాక్సీ_రీడ్_టైమవుట్ పెంచొచ్చు గానీ, ముందు ఆ నెమ్మదైన క్వెరీ సంగతి చూడండి.

502 పోయి అప్లికేషన్ నుంచే 404 వస్తుంటే స్లాష్ చూడండి. లొకేషన్ /ఏపీఐ/ కింద ప్రాక్సీ_పాస్ అడ్రసు 3000తో ముగిస్తే అప్లికేషన్‌కు /ఏపీఐ/యూజర్స్ అందుతుంది. 3000/ అని ముగిస్తే /యూజర్స్ మాత్రమే అందుతుంది. ఆ ఒక్క గీతకే పూటలు పోతాయి.

పేజీ హెచ్‌టీటీపీఎస్‌కే మళ్లీ మళ్లీ రీడైరెక్ట్ అవుతుంటే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌లో $స్కీమ్ (అసలు రిక్వెస్టు హెచ్‌టీటీపీనా, హెచ్‌టీటీపీఎస్సా అన్నది) పంపండి, అప్లికేషన్ దాన్ని నమ్మేలా సెట్ చేయండి. పంపిన డేటా మరీ పెద్దదని 413 వస్తే క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ పెంచండి, మామూలుగా అది 1 ఎంబీనే.

ఏది మార్చినా "ఎన్‌జిన్‌ఎక్స్ -టీ" కొట్టి, తప్పుల్లేవని తేలాకే రీలోడ్ చేయండి.