ఎల్క్ వేటకు ముందు మోత లెక్క చూసుకోండి

అమెరికాలోని కొలరాడో నేషనల్ ఫారెస్టుల్లో గైడ్ లేకుండా ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్లేవాళ్లు మాంసం ఎలా బయటికి తేవాలో ముందే ఆలోచించుకోండి. పెద్ద మగ ఎల్క్‌కి ఎముకలు తీసేశాక కూడా దాదాపు 90 కిలోల మాంసం ఉంటుంది. ఒక్కరే ముప్పయ్యేసి కిలోలు మోస్తే మూడు ట్రిప్పులు. కారు 5 కిలోమీటర్ల దూరంలో ఉంటే మూడుసార్లు మోతతో, రెండుసార్లు ఖాళీగా వెనక్కి, మొత్తం నడక 25 కిలోమీటర్లు, అదీ 3,000 మీటర్ల ఎత్తులో! అంతకంటే లోపలికి ఒంటరిగా వెళ్లొద్దనే నా మాట.

సెప్టెంబరు ఎండకు తొడ ఎముక పక్కన మాంసమే ముందు పాడవుతుంది. వెంటనే తోలు తీసి, ఎముక నుంచి వేరుచేసి, పల్చటి గుడ్డ సంచుల్లో గాలాడే నీడన వేలాడదీయండి. ప్లాస్టిక్ కవర్లు అస్సలు వద్దు, వేడి లోపలే ఉండిపోతుంది.